బిందెలవలస నిశ్శబ్ద పరీక్ష

చైనా వెళ్ళివచ్చిన ఆరుగురు అధికారులు అక్కడ కళ్ళారా చూసింది ఒక గేటు.

అక్కడి హైస్కూలు పిల్లల ఇంగ్లీషు వినికిడినీ చదువునూ ఎలా పరీక్షిస్తారో తెలుసుకు రమ్మని ప్రభుత్వం వారిని పంపింది. తీరా పరీక్ష రోజున బడి దగ్గరికి వెళితే పరాయివాళ్ళను లోపలికి రానివ్వమన్నారు. పాపం, ఎండలో గేటు బయటే నిలబడ్డారు. వినికిడి పరీక్ష మొదలయ్యే వేళకు రోడ్డు మీద హారన్లు ఆగిపోయాయి. ఎదురుగా మేడ కడుతున్న పనివాళ్ళు పారలు కింద పెట్టి కూర్చున్నారు. టీ కొట్టువాడు కూడా గ్లాసులు కడగడం మానేశాడు. కాసేపటికి అంతా మామూలైంది. లోపల పిల్లలకు ఏం వినిపించారో, అంతకుముందు ఏళ్ళ తరబడి ఏం నేర్పారో మనవాళ్ళు చూడలేదు. చూడనిది నివేదికలో రాయడం ధర్మం కాదు గనుక, చూసింది మాత్రమే రాశారు. 'సదరు దేశమందు విద్యార్థుల ఆంగ్ల శ్రవణ పఠన సామర్థ్యములకు మూలకారణము నిశ్శబ్దము' అని మొదటి పేజీలోనే తేల్చేశారు. మిగతా పేజీల నిండా గేటు ఫొటోలు.

బృందానికి నాయకత్వం వహించిన జాయింట్ డైరెక్టర్ అనంతపద్మనాభం గారు తిరిగివచ్చిన వారంలోనే నిశ్శబ్ద మిషన్ ప్రారంభమైంది. ప్రారంభోత్సవానికి బ్యాండు మేళం పెట్టారు.

ఆ మిషన్ తాలూకు మొదటి దెబ్బ బిందెలవలస హైస్కూలు ఇంగ్లీషు మాస్టారు తవిటినాయుడు మీద పడింది.

బిందెలవలస కంచరుల ఊరు. తెల్లవారి కొలిమి వెలిగించింది మొదలు దీపాలు పెట్టేదాకా ప్రతి అరుగు మీదా ఇత్తడి బిందె మీద సుత్తి పడుతూనే ఉంటుంది. తవిటినాయుడు ఉద్యోగంలో చేరిన కొత్తలో తలనొప్పి మాత్రలు వేసుకుని పాఠం చెప్పేవాడు. తరువాత తెలివి తెచ్చుకున్నాడు. సాయంత్రం పూట అరుగుల వెంట తిరుగుతూ, పిల్లలు అయ్యలకు సాయంగా బిందెలు కొడుతుంటే, తాను ఇంగ్లీషు కథ పైకి చదివేవాడు. మొదట్లో వాళ్ళకు ముక్క అర్థం కాలేదు. రెండేళ్ళు తిరిగేసరికి వీధి వీధంతా మోగిపోతుంటే కూడా మాస్టారు ఏ మాట మింగేశాడో పట్టుకుని అడిగే స్థితికి వచ్చారు. ఆ ఊరి పిల్లల చెవులు అలా తయారయ్యాయి. మాస్టారి గొంతు కూడా తయారైంది. ఇంట్లో ఆయన ఉప్పు అడిగితే పక్కింటివాళ్ళు తెచ్చి ఇచ్చేవారు.

ఇక ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. పగటిపూట సుత్తులన్నీ ఒక్కసారిగా ఆగేది ఊళ్ళో ఎవరైనా పోయినప్పుడే. చుట్టుపక్కల పల్లెలకు వేరే కబురు అక్కర్లేదు. చప్పుడు ఆగిందంటే, ఎవరని అడగకుండా, పనులు వదిలేసి, పొలిమేర దగ్గరినుంచే ఏడుస్తూ రావాలి. ఎవరు పోయారన్నది వచ్చాక తెలుస్తుంది. ముందే పేరు అడిగినవాడు, దగ్గరి చుట్టం కాకపోతే వెనక్కి పోదామని చూస్తున్నాడన్నమాట.

మండల కేంద్రంలో ఉపాధ్యాయులకు శిక్షణ పెట్టారు. మౌనంగా ఉండటం ఎలా అన్న విషయం మీద మైకులో మూడు రోజులు చెప్పారు. చివరి రోజున అనంతపద్మనాభం గారే స్వయంగా వచ్చారు.

"గౌరవనీయులైన ఉపాధ్యాయ మిత్రులారా! శబ్దమనునది విద్యకు ప్రథమ శత్రువు. నిశ్శబ్దమును మనము సమకూర్చినచో ఆంగ్లము తనంతట తాను ప్రవేశించును. అందుకు తగిన వాతావరణము కల్పించుటయే మన కర్తవ్యము."

తవిటినాయుడు లేచి నిలబడ్డాడు. "సార్, నాదొక డౌటండి. పిల్లలకి వినిపించడానికి రికార్డులేటైనా ఇస్తారా? చదివించడానికి కథల పుస్తకాలండీ?"

"ఆ పద్దులను నిశ్శబ్ద ఉపకరణములకు మళ్ళించడమైనది" అన్నారు జేడీ గారు. "మీకు పోస్టర్లు అందును."

"మరి పాఠం ఎప్పుడు చెప్పీదండి?"

పక్కనే ఉన్న మండల విద్యాధికారి, అదే ఎమ్మీవో, కూర్మారావు మాస్టారి చొక్కా పట్టి కిందికి లాగాడు. "కూకోవయ్యా బాబూ. నీకెప్పుడూ ఈ పాఠం గొడవేనేటి? పై నుంచి వచ్చినాయన ముందర అలాంటి మాటలు మాటాడతారా?"

అప్పుడు జేడీ గారు అసలు సంగతి చదివారు. మిషన్ కింద అన్ని బడుల్లోనూ ఇంగ్లీషు వినికిడి, చదువు పరీక్ష పెడతారు; అందులో సగం మంది పిల్లలు గట్టెక్కని బడిని గట్టెక్కిన పక్క బడిలో విలీనం చేస్తారు. బిందెలవలసకు పక్క బడి అంటే ఏటి అవతల ఉన్నదే. వానాకాలం ఆ ఏరు దాటాలంటే మగవాళ్ళే దేవుడికి దండం పెట్టుకుంటారు. తవిటినాయుడు ఏరు దాటలేని పిల్లలను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిదో తరగతి పైడితల్లి నాన్న ఎప్పుడో చెప్పేశాడు. బడి ఏరు దాటితే పిల్ల బడి మానేస్తుందని, చేతికి సుత్తి ఇస్తానని. అలా అనుకున్న తండ్రులు వీధిలో ఇంకా చాలామంది ఉన్నారు. పైడితల్లి మాత్రం తాను టీచరునవుతానని ఊరంతా చాటింపు వేసుకుని తిరుగుతోంది. ఇప్పటికే తమ్ముడికి హోంవర్కు ఇచ్చి, చేయకపోతే గోడకుర్చీ వేయిస్తోంది.

ఇంతకంటే పెద్ద గౌరవం ఇంకొకటి వచ్చిపడింది. రాష్ట్రంలో అన్నిటికంటే గోల చేసే ఊరు బిందెలవలస అని లెక్క తేలడంతో, అక్కడ నిశ్శబ్దం సాధిస్తే మిషన్ గెలిచినట్టేనని జేడీ గారు దాన్ని నమూనా నిశ్శబ్ద గ్రామంగా ప్రకటించారు. పరీక్షకు తానే పర్యవేక్షకుడిగా వస్తానన్నారు.

కూర్మారావు ఊళ్ళో మకాం పెట్టాడు. మొదట గుడిగంటకూ బడిగంటకూ గుడ్డ చుట్టించాడు. చెరుకు రసం బండికున్న మువ్వలు పీకించాడు. కుక్కర్లు మూడు కూతలకు బదులు ఆ రోజుకు అసలు కూయకూడదన్నాడు. పుంజులన్నిటినీ బస్సెక్కించి పొరుగూరి చుట్టాల ఇళ్ళకు పంపించారు. ఎవరి పుంజు ఎవరిదో తరువాత తగువు రాకుండా ఒక్కోదాని కాలికి ఇంటిపేరు కట్టారు. కుక్కకొక టీచరు చొప్పున డ్యూటీలు వేశారు. లెక్కల మాస్టారికి రెండు కుక్కలు వచ్చాయి, ఆయన సంఘం నాయకులకు ఫిర్యాదు చేసుకున్నాడు. బడి గ్రంథాలయానికి తాళం పడింది, పిల్లలు పుస్తకం దొరికితే పైకి చదివేస్తున్నారని. చదివే పరీక్షలో పేజీ తిప్పితే చప్పుడవుతుందని ప్రశ్నపత్రాన్ని ఒకే పొడుగాటి కాగితం మీద అచ్చేశారు. బల్ల మీద పరిస్తే పంచెలాగా నేలదాకా వేలాడింది.

ఇక మిగిలినవి సుత్తులు. కూర్మారావు తవిటినాయుడిని వెంటబెట్టుకుని కంచర వీధికి వెళ్ళి, పరీక్ష పూట పని ఆపాలని ఆర్డరు చదివాడు. పైడితల్లి నాయనమ్మ సన్నెమ్మ, ఊళ్ళో అందరికంటే పెద్ద తల, బిందె అడుగు నున్న చేస్తున్నదల్లా తలెత్తింది.

"సుత్తులు ఆపితే ఏటవుద్దో తెల్సా బాబూ? సుట్టుపక్కలోళ్ళంతా ఏడుసుకుంటా వొచ్చీస్తారు."

"ఎందుకొస్తారు? ఇది పరీక్షని సెప్తాం కదా."

"ఎలాగ సెప్తావు?"

ఆ ప్రశ్నకు జవాబు కోసం తవిటినాయుడు ఆశగా ఎమ్మీవో మొహంలోకి చూశాడు. "దండోరా వేయిద్దామండి" అన్నాడు తానే. కూర్మారావు గబగబా కాగితాలు తిరగేసి, నిశ్శబ్ద వారోత్సవాల్లో డప్పు నిషిద్ధమని చూపించాడు. మరయితే ఎలాగని అడిగితే, మండల ఆఫీసు గోడకు నోటీసు అంటించామని, చదువుకోవలసిన బాధ్యత ప్రజలదని అన్నాడు. ఆ గోడ దగ్గరికి ఏటి అవతలివాళ్ళు ఎందుకు వస్తారో మాత్రం చెప్పలేదు.

పరీక్ష రోజు రానే వచ్చింది. జేడీ గారు బూట్లకు కూడా మెత్తటి గుడ్డలు కట్టుకుని జీపు దిగారు. ఆయన వెంట శబ్దం కొలిచే యంత్రం పట్టుకుని ఒక ఉద్యోగి ఉన్నాడు. పరిమితి దాటితే యంత్రం మీద ఎర్ర దీపం వెలుగుతుంది, వెంటనే అతను ఈల ఊదాలి. అది నిబంధన.

సరిగ్గా పరీక్ష గంటకు, అంటే గుడ్డ చుట్టిన గంటకు, ఊరంతా సుత్తులు ఆగాయి.

తవిటినాయుడు ఈ ఊళ్ళో ఇన్నేళ్ళలో అలాంటి నిశ్శబ్దం వినలేదు. పిల్లల మొహాలు చూస్తే పాలిపోయి ఉన్నాయి. పరీక్ష కోసమే ఆపారని అందరికీ తెలుసు. ముందురోజు వాళ్ళే ఊళ్ళో ఇంటింటికీ తిరిగి చెప్పారు కూడా. అయినా పుట్టినప్పటినుంచి అలవాటైన చెవి వింటుందా? వెనక బెంచీ వాడు ముందు బెంచీ వాడిని మోచేత్తో పొడిచాడు.

"ఎవులు పోనార్రా?"

"ఎవులూ పోనేదు. పరీచ్చ."

"నిజంగానా? నాకు సెప్పకుండా దాసీనారేమో."

పైడితల్లి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పొద్దున నాయనమ్మ కాఫీ తాగలేదని ఆ పిల్లకు అప్పుడే గుర్తొచ్చింది.

రికార్డు మొదలైంది. స్పీకరులోంచి ఒక దొరసాని గొంతు గుడ్ మార్నింగ్ అన్నదో లేదో యంత్రం మీద ఎర్ర దీపం వెలిగింది. ఉద్యోగి ఈల ఊదాడు. ఈలకు మళ్ళీ దీపం వెలిగింది. నిబంధన ప్రకారం మళ్ళీ ఊదాడు. మళ్ళీ వెలిగింది. నిజాయితీపరుడైన ఉద్యోగి, ఎంతసేపైనా ఊదేవాడే. చివరికి జేడీ గారు అతని నోట్లోంచి ఈల లాక్కున్నారు.

"శబ్దమునకు మూలమేది?" అని గుసగుసగా అడిగారు.

"రికార్డేనండి" అన్నాడు ఉద్యోగి ఇంకా గుసగుసగా. "ఊరు మొత్తం మీద మోగుతున్నది ఇదొక్కటే."

జేడీ గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "పరిమితికి లోబడి వినిపించుడి."

తవిటినాయుడు వాల్యూము తగ్గించాడు. దీపం ఆరలేదు. ఇంకా తగ్గించాడు. దీపం ఆరేసరికి దొరసాని గొంతు కూడా ఆరిపోయింది.

"సార్, ఏటీ వినబడ్డం లేదండి" అన్నాడు ఏడుపు గొంతుతో.

"రికార్డు నడుచుచున్నది కదా? వినబడవలెనని మార్గదర్శకములలో ఎక్కడా లేదు."

పిల్లలు చెవులకు అరచేతులు అడ్డుపెట్టుకుని, మెడలు సాచి, దేనికోసమో వెతికారు. తవిటినాయుడికి ఏరు కనిపించింది, ఏటి అవతల బడి కనిపించింది, పైడితల్లి చేతిలో సుత్తి కనిపించింది. రెండేళ్ళు గొంతు చించుకున్నదంతా ఒక దీపం కింద బూడిదైపోతోంది. ఆయనకు ఆ యంత్రాన్ని తీసుకెళ్ళి కొలిమిలో పడేయాలన్నంత కోపం వచ్చింది.

సరిగ్గా అప్పుడు ఏటి వైపునుంచి మొదటి ఏడుపు వినిపించింది.

ముందు సన్నగా, తరువాత గుంపుగా. ఒక పక్కనుంచి ఏటి అవతలివాళ్ళు, ఇంకో పక్కనుంచి కొండ కిందివాళ్ళు, తప్పెట్లతో, శంఖంతో, గుండెలు బాదుకుంటూ పొలిమేర దాటేశారు. ఎవరు పోయారో తెలియదు కనుక ఊళ్ళో తమ చుట్టాల ఇంటి పెద్ద పేరు పెట్టి ఎవరికి వాళ్ళు ఏడుస్తున్నారు. ఆ లెక్కన ఊళ్ళో పెద్దవాళ్ళంతా పోయినట్టే. సన్నెమ్మ మేనకోడళ్ళు ముగ్గురు నేరుగా ఆమె అరుగు మీద వాలి, తలలు వాల్చి రాగం అందుకున్నారు.

"ఓ అత్తా... బంగారం నాంటి అత్తా... అడిగిందల్లా సేతిలో ఎట్టీదానివి అత్తా..."

సన్నెమ్మ తలుపు చాటునుంచి కొంతసేపు ముచ్చటగా విన్నది. ఆఖరికి ఆగలేకపోయింది.

"ఎప్పుడెట్టినానే? ఎట్టనేదని నా గుమ్మం తొక్కడం మానీసినారు గదే మీరు!"

మేనకోడళ్ళు పెట్టిన కేక బడిదాకా వచ్చింది. దెయ్యమని ఒకరు, అయ్యో బతికే ఉందని ఒకరు. ఆ కేకల వెనకే నాయనమ్మ తిట్లు కూడా వినిపించేసరికి బడిలో పైడితల్లి మొహం వెలిగిపోయింది.

జేడీ గారు గుడ్డ బూట్లతో వీధిలోకి పరిగెత్తారు. "శాంతించుడి! శోకమును నిశ్శబ్దముగా వెలిబుచ్చుడి! ఎవరూ మరణించలేదు!" అని అరిచారు. కొత్త మనిషి, సూటు వేసుకుని, చేతులు ఊపుతూ అరుస్తుంటే, పోయినాయన పట్నం కొడుకు కాబోలని నలుగురు ఆయన్ను కావలించుకుని మరీ ఏడ్చారు. ఆ పిల్లాడికి తిండి పెట్టండని ఎవరో పురమాయించారు.

"సార్, వీళ్ళు మాటలు నమ్మరండి!" కూర్మారావు గోల మధ్య జేడీ చెవిలో అరిచాడు. "సుత్తి మోగితేనే నమ్ముతారు!"

"మోగించకూడదు! ససేమిరా!"

సన్నెమ్మకు ఆ భాష తెలియదు. మేనకోడళ్ళను పక్కకు నెట్టి, సుత్తి తీసుకుని, తన బిందె మీద ఒక్కటిచ్చింది. ఆ తరువాత ఇంకొకటి. ఎదుటి అరుగు అందుకుంది, దాని పక్క అరుగు అందుకుంది. చూస్తుండగానే ఊరంతా మోగిపోయింది. ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపి నవ్వడం మొదలుపెట్టారు. తప్పెట్లు తెచ్చినవాళ్ళు, ఎలాగూ తెచ్చాం కదా అని, వరస మార్చి వాయించారు.

బడిలో శబ్దం కొలిచే యంత్రం ఎర్ర దీపం వెలిగించి, టపటపా కొట్టుకుని, చివరికి పూర్తిగా ఆరిపోయింది. ఉద్యోగి దాన్ని ఊపి చూసి, చేతులెత్తేశాడు. "పోయిందండి. ఇప్పుడు శబ్దం ఉందో లేదో నాను సెప్పలేను."

"అయితే పరిమితి దాటినట్టు రుజువు లేదు కదా?" అన్నాడు తవిటినాయుడు.

"నేదండి."

తవిటినాయుడు రికార్డును మొదటికి తిప్పి, వాల్యూము ఎంతదాకా తిరుగుతుందో అంతదాకా తిప్పాడు. దొరసాని మళ్ళీ గుడ్ మార్నింగ్ అన్నది. సుత్తులు, తప్పెట్లు, నవ్వులు, జేడీ గారిని అన్నానికి రమ్మని బతిమాలుతున్న గొంతులు. వాటన్నిటి మధ్య పిల్లలు బెంచీల మీద సర్దుకుని, హాయిగా తలలు వంచి రాయడం మొదలుపెట్టారు. వాళ్ళకిది రోజూ సాయంత్రం అరుగు మీద ఉండే సద్దే.

ఫలితాలు వచ్చాయి. మిగతా బడులన్నిటిలోనూ నిశ్శబ్దం దిగ్విజయంగా అమలైంది. ఎంతగా అంటే రికార్డు కూడా ఎవరికీ వినపడలేదు. కొన్నిచోట్ల పిల్లలు ఆ చల్లటి నిశ్శబ్దానికి నిద్రపోయారు. బిందెలవలస ఒక్కటే గట్టెక్కింది. నిబంధన ప్రకారం ఇప్పుడు జిల్లాలోని బడులన్నిటినీ బిందెలవలస బడిలో విలీనం చేయాలి. కూర్మారావు ఆ ఫైలు మీద రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాడు. చివరికి విలీనం అన్న మాటే ఎక్కడా ఎవరూ ఎత్తకుండా ఊరుకున్నారు. ఏటి అవతలికి పోవలసిన బడి ఇవతలే ఉండిపోయింది. తవిటినాయుడు ఆ రోజు ఇంటికి వెళ్ళి భార్యతో చెబితే వీధి చివరివాళ్ళు కూడా వచ్చి అభినందించారు.

అనంతపద్మనాభం గారు మాత్రం ఓటమి ఎరిగిన మనిషి కాదు. జరిగినదాన్ని లోతుగా పరిశీలించి కొత్త నివేదిక సమర్పించారు. 'ఆంగ్ల శ్రవణ పఠన సామర్థ్యములకు మూలకారణము ఇత్తడి బిందె.' నెల తిరగకుండా శబ్ద మిషన్ వచ్చింది. బడికి ఇన్ని బిందెలు, ఇన్ని సుత్తులు చొప్పున సరఫరా. బిందె కొట్టడంలో టీచర్లకు మూడు రోజులు శిక్షణ. తవిటినాయుడిని ముఖ్య శిక్షకుడిగా పిలిచారు. మరి పాఠం ఎప్పుడు చెప్పీదండి అని అక్కడ కూడా అడిగాడు. కూర్మారావు మళ్ళీ చొక్కా పట్టి లాగాడు. ఒకే చొక్కా కావడంతో ఈసారి చిరిగింది.

శబ్ద మిషన్ పేరు ఎల్లలు దాటింది. ఆ చలికాలం చైనానుంచి కొందరు టీచర్లు బిందెలవలస చూడటానికి వచ్చారు. అనంతపద్మనాభం గారు వారిని బడి గేటు దగ్గర వరసగా నిలబెట్టి, వీధి వైపు చెయ్యి చాపి, సుత్తుల విశిష్టతను వివరించసాగారు. వాళ్ళు తలలూపుతూ రాసుకుంటున్నారు. వాళ్ళలో నెరిసిన జుట్టు పెద్దావిడ ఒకామె కాసేపు విని, పుస్తకం మూసి, గేటు తోసుకుని లోపలికి నడిచింది.

"మేడమ్, మేడమ్! కార్యక్రమము గేటు వరకే!" అని జేడీ గారు వెనకనుంచి కేకేశారు. సుత్తుల మోతలో ఆమెకు వినపడలేదు.

లోపల తవిటినాయుడు పాఠం చెబుతున్నాడు. ఆమె వెళ్ళి ఆఖరి బెంచీలో పైడితల్లి పక్కన కూర్చుంది. కొంతసేపు పిల్లలు చదువుతుంటే విన్నది. తరువాత పైడితల్లి వైపు వంగి, మెల్లగా, ఇంగ్లీషులో అడిగింది, ఇక్కడ ఎప్పుడూ ఇంత గోలగా ఉంటుందా అని.

పైడితల్లి రెండోసారి అడిగించుకోలేదు.

"అందరూ బాగుంటే ఇంతేనండి" అన్నది ఇంగ్లీషులోనే. "మీ బడి దగ్గర అస్సలు చప్పుడే ఉండదట కదండీ?"

ఆ పెద్దావిడ పకపకా నవ్వింది. "పరీక్ష రోజు ఆ కాసేపే. మిగతా ఏడాదంతా పిల్లలకు చదివి చదివి నా గొంతు చూడు ఎలా పోయిందో!"

నిజంగానే బొంగురు గొంతు. తవిటినాయుడు ఆ గొంతు విని పాఠం ఆపి ఆమెకేసి చూశాడు. తన తోబుట్టువు ఎదురైనట్టు అనిపించింది ఆయనకు. పుస్తకం ఆమె చేతిలో పెట్టి, తరువాతి పేజీ మీరు చదవండని సైగ చేశాడు. ఆమె లేచి నిలబడి, గొంతు సవరించుకుని, సుత్తులను మించి చదవడం మొదలుపెట్టింది.

గేటు బయట అనంతపద్మనాభం గారు లోపలికి తొంగి చూసి, ఏమీ వినపడక, మిగిలినవాళ్ళకు గేటు ముందు ఫొటో తీయించారు.